తీసి పెట్టుకునే పెట్టె

కొలబద్ద లాంటి బావమరిది పగవాడికి కూడా వద్దని రంపాలాయన రోజూ పళ్లు తోముకుంటూ అనుకునేవాడు. కొలబద్ద అంటే ఇక్కడ వస్తువు కాదు, మనిషి. భార్యకు స్వయానా తమ్ముడు. తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. చెవి మీద పెన్సిలు, జేబులో టేపు లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. వచ్చిన ప్రతిసారీ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ పెన్సిలుతో పెరటి మూల వైపు చూపించేవాడు.

"బావా, ఆ మూల ఖాళీగానే పడుందిగా. చిన్న గది వేసుకుంటే నా పనేదో నేను చేసుకుంటాను. నేను అద్దెకున్న షెడ్డు వాడు ఖాళీ చెయ్యమని ప్రాణం తీస్తున్నాడు."

"ఆ మూల నా బండికి. అడుగు కూడా ఇవ్వను," అనేవాడు రంపాలాయన.

"అడుగుతో నాకేం పని? ఎనిమిదీ అయిదూ చాలు."

రంపాలాయన పని చెట్లు కొట్టడం. ఇంటి వసారా గోడకు చిన్నా పెద్దా రంపాలు వేలాడుతుంటాయి కనక వీధివాళ్లు ఆ పేరు పెట్టారు. ఆ పెరడు కొనడానికి ఆయన ఎక్కని చెట్టు లేదు, పడని కొమ్మ లేదు. అందుకని ఆ జాగా మీద ఎవరి నీడ పడినా ఆయనకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. బావమరిది నీడైతే మరీను.

ఆయనకు ఒక చిన్న టిప్పరు, ఒక కొమ్మల మిషను ఉన్నాయి. నరికిన కొమ్మని మిషను నోట్లో పెడితే అది పరపరా నమిలేసి, గోరంత ముక్కలుగా చేసి, గొట్టంలోంచి టిప్పరు తొట్టిలోకి ఊసేస్తుంది. ఆ చెక్కపొట్టుని పూలమొక్కల మొదళ్లలో పోస్తే నేల తడి ఆరదు. అంతా బాగానే ఉంది కాని తొట్టికి పైకప్పు లేదు. బండి కదిలిందంటే పొట్టు గాలికి లేచి, వెనక వచ్చేవాళ్ల కళ్లలోనూ, దుకాణాల్లో పిండి బస్తాల్లోనూ, ఒకసారి ఒక పెద్దమనిషి ఆవలింతలోనూ పడింది.

ఆ ఆవలింత పెద్దమనిషి వెళ్లి తోటల ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. సూపర్‌వైజరమ్మ రంపాలాయన్ని పిలిపించింది. "శనివారం పార్కు వీధిలో కొమ్మలు కొట్టు. ఆ పొట్టు తెచ్చి పార్కు మడుల్లో పొయ్యి. రోడ్డు మీద ఒక్క ముక్క పడకపోతే ఏడాది పొడుగునా ఈ ఊరి చెట్లన్నీ నీవే. పడిందా, వేరే బండి చూసుకుంటాను," అంది.

ఏడాది పని! రంపాలాయనకు ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. మర్నాడు బెంగతో సయించలేదు. తొట్టి మీద మూత ఉన్న పెద్ద పెట్టె ఒకటి కావాలి. అది ఎప్పుడూ ఉండిపోకూడదు. మిగతా రోజుల్లో ఇసుకా ఇటుకలూ తోలుతాడు, వాటిని పైనుంచి పోస్తారు. కాబట్టి కావాలంటే పెట్టి, వద్దంటే తీసేసే పెట్టె కావాలి. చేసేవాడు ఎవడు? ఊళ్లో ఉన్న వడ్రంగులందరూ నెల తరవాత రమ్మన్నారు. ఖాళీగా ఉన్నది ఒక్కడే. ఎందుకు ఖాళీగా ఉన్నాడో అప్పుడే ఆలోచించాల్సింది.

కొలబద్ద పిలవగానే వచ్చాడు. వెనకాలే వాళ్లమ్మ, అంటే రంపాలాయన అత్తగారు, కొడుకు పనిచేస్తుంటే చూడ్డానికి కుర్చీ మోసుకుంటూ వచ్చింది. వాడు తొట్టిని పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, ఎందుకో బావగారి భుజాలు కూడా కొలిచాడు.

"ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. ఆరడుగుల ఎత్తు," అన్నాడు.

"ఆరడుగులెందుకురా? నాలుగు చాలు. అందులో నేనేమైనా కాపురం ఉంటానా?"

"తలుపు ఆరడుగులుంది బావా."

తలుపు అప్పటికే తయారుగా ఉంది. పోయిన మామగారు కూడా వడ్రంగే. ఆయన చేసిన ఆఖరి తలుపు ఎవరో బేరమాడి తీసుకెళ్లకపోవడంతో అటక మీద ఉండిపోయింది. రెండు రెక్కలు, ద్వారబంధం, గడప, ఇత్తడి గడియ, అన్నీ అమరి ఉన్నాయి. "నాన్న చేతి పని నీ బండి మీద ఊరంతా తిరుగుతుంది బావా," అంటూ కొలబద్ద కళ్లు తుడుచుకున్నాడు. అత్తగారు కుర్చీలోనే ముక్కు చీదింది. ఊరికే వస్తోంది కదా అని రంపాలాయన కూడా కాస్త గొంతు సవరించుకున్నాడు.

మూడు పక్కలా ప్లైవుడ్ గోడలు లేచాయి. వెనక్కి మామగారి తలుపు, కింద చెక్క నేల, పైన కప్పు. పక్క గోడకు, కప్పు కింద, మిషను గొట్టం దూర్చడానికి ఒక కిటికీ. అడుగున నాలుగు మూలలా నాలుగు బోల్టులు. అవి విప్పితే పెట్టె ఊడి వస్తుంది, బిగిస్తే బండిలో భాగమైపోతుంది. కొలబద్ద తలుపు రెక్కల్ని చిటికెన వేలితో తోసి చూపించాడు. చప్పుడు లేకుండా లోపలికి తెరుచుకున్నాయి.

"వెన్న!" అన్నాడు రంపాలాయన. బావమరిదిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. అక్కడున్న నలుగురూ పుట్టిన దగ్గర్నుంచీ అలాంటి తలుపుల్లోంచే ఇళ్లలోకి నడిచినవాళ్లు. తలుపు లోపలికి తెరుచుకోవడంలో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది?

శనివారం పొద్దున వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎండెక్కేలోగా కొమ్మలు కొట్టడం, మధ్యాహ్నానికి పొట్టు పార్కులో దించడం, ఇంటికొచ్చి భోంచేసి నడుం వాల్చడం. మొదటి భాగం అనుకున్నట్టే జరిగింది. మిషను కిటికీలోంచి ఊసింది, పెట్టె మింగింది. కొలబద్ద తన పని చూసుకుని మురిసిపోవడానికి బండిలో బావ పక్కనే కూర్చుని వచ్చాడు. రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్లకీ చెయ్యి ఊపాడు.

పార్కు గేటు దగ్గర సూపర్‌వైజరమ్మ స్కూటరు ఆపి, హెల్మెట్ తీసింది. "నీ వెనకాలే వచ్చానయ్యా. ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క పడలేదు! దించు మరి. రేపు పైఆఫీసరు వస్తారు, ఇవాళే మడులు నిండాలి."

రంపాలాయన మీసం సవరించుకుని, దిగి వెళ్లి, ఇత్తడి గడియ తీసి, తిరిగొచ్చి మీట లాగాడు. తొట్టి ముందు భాగం లేచింది. పొట్టు పడలేదు. ఇంకొంచెం లేపాడు. పెట్టె లోపల పొట్టంతా ఒక్కసారి వెనక్కి జరిగిన చప్పుడైంది. తలుపు మూలిగింది. పడలేదు. ఇక లేవడానికి లేదన్నంత వరకూ లేపాడు. బండి ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏమయ్యా, పడదేం?"

"పడుతుందమ్మా. కొత్త పెట్టె కదా, మొహమాటం."

ఆయన దిగి వచ్చి తలుపు లాగాడు. లాగడానికి అది బయటికి రాదు, చుట్టూ ద్వారబంధం, కింద గడప. తోశాడు. కొండని తోసినట్టుంది. అప్పుడు ఆయనకు వీపు మీద చన్నీళ్లు పోసినట్టు విషయం అర్థమైంది. మెల్లగా బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్. ఈ తలుపు ఎటు తెరుచుకుంటుందిరా?"

"లోపలికి. తలుపన్నాక ఎటు తెరుచుకుంటుంది?"

"లోపల పొట్టుందిరా!"

"ఆ పొట్టు కాస్త తీసేస్తే చక్కగా తెరుచుకుంటుంది బావా."

"తలుపు తెరిస్తేనే కదరా పొట్టు తీసేది! బయటికి తెరుచుకునేలా పెట్టాలిరా!"

కొలబద్ద పెన్సిలుతో చెవి వెనక గోక్కున్నాడు. "నువ్వెన్నైనా చెప్పు, ఇంటి తలుపు బయటికి పెట్టకూడదు. వచ్చినవాళ్ల మొహానికి తగలదూ?"

"పొట్టుకి మొహం ఎక్కడుందిరా?"

తలుపు రెక్కల బందులు విప్పుదామంటే అవీ లోపలే ఉన్నాయి. తొట్టిని ఎంత ఎత్తితే తలుపు అంత గట్టిగా బిగుసుకుంటోంది. మామగారు బతికుండగా దొంగలకి భయపడి చేసిన తలుపు అది. ఇప్పుడు సొంత అల్లుడి మీదే పనిచేస్తోంది.

"రోడ్డు మీద ఒక్క ముక్క పడకూడదన్నాను కాని," అంది సూపర్‌వైజరమ్మ, "అసలెక్కడా పడకూడదని అనలేదే."

రంపాలాయనకు రోషం వచ్చింది. తొట్టి దించి, నిచ్చెన వేసుకుని, కిటికీలోంచి లోపలికి దూరి, పొట్టుని చేతుల్తో తోడి పారేస్తానన్నాడు. తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట దగ్గర పని ఆగింది. ముందుకు వెళ్లడానికి లేదు, వెనక్కి రావడానికి లేదు. కంగారులో కాళ్లు ఆడించేసరికి నిచ్చెన కాస్తా పక్కకు పడిపోయింది. ఇక పార్కులో నడవడానికి వచ్చినవాళ్లకి టిప్పరు గోడకు అతికించినట్టు రెండు కాళ్లు కనిపించాయి.

సూపర్‌వైజరమ్మ వచ్చి ఆ కాళ్లతోనే మాట్లాడింది. "సాయంత్రం దాకా చూస్తానయ్యా. అయిదింటికి గేటు మూసేస్తారు. ఆలోగా మడుల్లో పొట్టుంటే పని నీది. లేకపోతే లేదు."

కాళ్లు అలాగేనన్నట్టు ఊగాయి.

"భుజాలు కొలిచాను కాని పొట్ట కొలవడం మర్చిపోయాను," అంటూ కొలబద్ద, ఇద్దరు తోటమాలులు కలిసి ఆయన్ని కాళ్లు పట్టి బయటికి లాగారు. చొక్కా మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి, వెనక సందు గేటులోంచి బండిని వెనక్కి నడిపి పెరట్లో పెట్టాడు రంపాలాయన. తిన్నగా వసారాలోకి వెళ్లి గొడ్డలి తీసుకుని వచ్చాడు. అప్పటికి అత్తగారు తొట్టి అంచు మీదికి ఎలా ఎక్కిందో ఎక్కేసింది, తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"అల్లుడుగారూ! ఆ తలుపు మీద గొడ్డలి పడాలంటే ముందు నా మీద పడాలి."

"అత్తయ్యగారూ, మీరు దిగండి. నా ఏడాది పని పోతోంది."

"ఆయన ఆఖరి తలుపండీ ఇది! చేసి పెట్టి, వారం తిరక్కుండా వెళ్లిపోయారు."

"ఆయన వెళ్లినా దీన్ని మాత్రం గట్టిగా బిగించి వెళ్లారు."

ఆ మాటకి వంటింటి గుమ్మంలోంచి భార్య బయటికి వచ్చింది. "మా నాన్ననేమన్నా అంటే ఊరుకోను. ముందు చొక్కా వేసుకోండి, వీధంతా చూస్తోంది."

నిజంగానే చూస్తోంది. పిట్టగోడ మీద పక్కింటివాళ్లు మోచేతులు ఆనించి తీరిగ్గా నిలబడ్డారు. రంపాలాయన గొడ్డలి దించాడు. సరిగ్గా అప్పుడు కొలబద్దకి ఆలోచన వచ్చింది. వాడికి ఆలోచన వచ్చిందంటే ముందు పెన్సిలు చెవి మారుతుంది.

"బావా, ఇది తీసే పెట్టె కదా? మరి తీసేద్దాం. నాలుగు బోల్టులూ విప్పి, తొట్టి ఎత్తి, బండి మెల్లగా ముందుకి పోనిస్తే పెట్టె మొత్తం జారి నేల మీద కూర్చుంటుంది. అప్పుడు కిటికీ మనిషెత్తులోకి వస్తుంది. తాపీగా తోడుకోవచ్చు."

రంపాలాయనకు ఆ మాటలో తప్పు పట్టాలని చాలా ఉంది. ఎంత వెతికినా దొరకలేదు. అత్తగారిని దించారు. బోల్టులు విప్పారు. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని మీట లాగాడు. తొట్టి లేచింది. పెట్టె కదల్లేదు. "ఇంకొంచెం!" అన్నాడు కొలబద్ద. లేపాడు. కదల్లేదు. "ఇంకొక్క పిసరు!" అంది అత్తగారు, జన్మంతా టిప్పర్లు తోలినదానిలా. లేపాడు.

పెట్టె ఒక్కసారిగా జారింది. వెనక భాగం నేలకి తగిలేసరికి రంపాలాయన అదిరిపడి బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కాడు. బండి ముందుకి గెంతింది. ధన్‌మని చప్పుడైంది. వంటింట్లో గిన్నెలు రాలాయి, పిట్టగోడ మీద మోచేతులు మాయమయ్యాయి. దుమ్ము సర్దుకున్నాక చూస్తే, పెరటి మూల, వంటింటి గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, పెట్టె కూర్చుని ఉంది. ఒక్క పగులు లేదు. ఒక్క ముక్క రాలలేదు.

కొలబద్ద టేపు తీసి రెండు మూలలూ గోడ నుంచి కొలిచాడు. "అబ్బ! ముగ్గురు మేస్త్రీలు కూర్చుని పెట్టినా ఇంత తిన్నగా రాదు బావా."

ఆ మూల ఏ మూలో రంపాలాయనకు అప్పుడే తట్టి ఉంటే బాగుండేది. కాని గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. మిగతావన్నీ ఆయన కంటికి ఆనలేదు. బుట్ట పట్టుకుని, స్టూలు ఎక్కి, కిటికీలోంచి చెయ్యి దూర్చి తోడసాగాడు. చెయ్యి అందినంత మేర అయిపోయింది. ఇక అందదు.

"జరగండి," అంది భార్య.

"నువ్వేం చేస్తావు?"

"మీలా కాళ్లు మాత్రం ఊపను."

ఆమె కొంగు బిగించి, స్టూలెక్కి, చేప నీళ్లలోకి జారినట్టు కిటికీలోంచి లోపలికి వెళ్లిపోయింది. తరవాత లోపల్నుంచి బుట్ట తరవాత బుట్ట వచ్చింది. బుట్టలతో పాటు మాటలూ వచ్చాయి: పెళ్లినాటి నుంచి ఇవాళ్టి దాకా ఆయన తనని అడక్కుండా చేసిన పనులన్నీ వరసగా. అవి కూడా తోడాల్సినవే, చాలా కాలంగా పేరుకుని ఉన్నాయి. చివరికి తలుపు రెక్కల వెనక ఖాళీ అయింది. రెండు రెక్కలూ వెన్నలా లోపలికి తెరుచుకున్నాయి. గడప దాటి, జుట్టునిండా పొట్టుతో ఇంటి యజమానురాలిలా బయటికి అడుగుపెట్టి ఆమె ఒకటే అంది.

"పొద్దున్నే నాకు ఫోను చేసుంటే పొద్దున్నే అయిపోయేది."

మిగిలింది పారలతో క్షణంలో టిప్పరులోకి ఎత్తారు. మళ్లీ అదే పాత తొట్టి, అదే పైకప్పు లేని బండి. గాలి కూడా బాగానే వీస్తోంది. రంపాలాయన తల పట్టుకున్నాడు. భార్య వసారాలోకి వెళ్లి, కొమ్మల మిషను మీద కప్పే నీలం పట్టా లాక్కొచ్చి, తొట్టి మీద పరిచి, బట్టలారేసే తాడుతో చుట్టూ బిగించి కట్టేసింది. ఇంతా చేస్తే ఆమెకి పట్టిన సమయం ఒక టీ కాచుకునేంత.

గేటు మూయబోతుండగా పార్కు చేరాడు. పట్టా విప్పి, మీట లాగగానే పొట్టంతా జలజలా మడుల పక్కన పడింది. సూపర్‌వైజరమ్మ రోడ్డు దాకా నడిచి వెళ్లి చూసి వచ్చింది. ఒక్క ముక్క లేదు.

"బాగుందయ్యా! సోమవారం నుంచి పని నీదే. అయితే నాకొకటి అర్థం కాలేదు. పొద్దున్నే ఈ పట్టా కట్టుకుని రావచ్చు కదా? ఆ ఇల్లెందుకు మోశావు?"

రంపాలాయన పట్టా మడత పెట్టసాగాడు.

"ఇంకో మాట. ఆ ఇల్లు మళ్లీ నా పార్కులోకి తేకు. కాళ్లు చూసి ఒక ముసలాయన హడలిపోయాడు."

దార్లో రంపాలాయన ఈల వేసుకుంటూ వచ్చాడు. ఏడాది పని చేతికొచ్చింది. పట్టా ఉంది, పెట్టెతో పని లేదు. రేపు పొద్దున్నే దాన్ని పలకలు పలకలుగా విప్పేస్తాడు. తలుపు మళ్లీ అత్తగారింటి అటకెక్కుతుంది. ఆ మూల బండికి షెడ్డు లేస్తుంది. బావమరిదికి ఒక టీ, ఒక దండం. ఇంత సంతోషంగా ఆయన ఆ సందు ఎప్పుడూ తిరగలేదు.

పెరట్లోకి బండి తిప్పగానే దీపం వెలుగు కళ్లలో పడింది. పెట్టె కిటికీకి పూల తెర వేలాడుతోంది. అత్తగారి పాత చీర అది. లోపల పనిబల్ల, గోడకి వరసగా ఉలులు, చిత్రికలు, మూల అత్తగారి కుర్చీ. వంటింటి గుమ్మంలోంచి భార్య చెయ్యి చాచి టీ గ్లాసు అందిస్తోంది. పెట్టె గుమ్మంలోంచి కొలబద్ద చెయ్యి చాచి అందుకుంటున్నాడు. మధ్యలో నాలుగడుగుల దూరం కూడా లేదు.

"ఏమిట్రా ఇది?"

"షెడ్డు వాడు సామాను రోడ్డు మీద పడేశాడు బావా. అక్క ఇక్కడ పెట్టుకోమంది."

"ఇది తీసే పెట్టెరా!"

"తీశాం కదా బావా. ఇప్పుడు పెట్టాం."

రంపాలాయన భార్య వైపు చూశాడు. ఆమె జుట్టులోంచి ఒక పొట్టుముక్క తీసి, దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ ఆయన వైపు చూసింది. ఆ చూపుకి అర్థం బండిలోని నీలం పట్టాకి కూడా తెలుస్తుంది. ఆయన బండి తాళం జేబులో వేసుకున్నాడు.

"ఏమీ అనుకోకండి అల్లుడుగారూ," అంది అత్తగారు కుర్చీలోంచి. "మీ మాట కూడా మావాడు తీసెయ్యలేదు."

"నా మాటేమిటి?"

"అదే బావా," అన్నాడు కొలబద్ద, పెన్సిలు చెవి మీద పెట్టుకుని. "పార్కులో అన్నావు చూడు. నువ్వు చెప్పిందే రైటు. చిన్న గదిలో తలుపు లోపలికి తెరిస్తే పనిబల్లకి తగులుతోంది. అందుకే బందులు మార్చి బయటికి తిప్పేశాను." చిటికెన వేలితో తోసి చూపించాడు. మామగారి రెండు రెక్కలూ చప్పుడు లేకుండా పెరట్లోకి తెరుచుకుని, రంపాలాయన్ని రెండడుగులు వెనక్కి జరిపాయి.

రాత్రి ఆయన బావమరిది టేపునే అడిగి తీసుకుని ఆ మూలని స్వయంగా కొలుచుకున్నాడు. పెట్టె కింద నలభై చదరపు అడుగులు పోయింది. తలుపు బయటికి తెరుచుకోవాలని తానే గొంతు చించుకున్నందుకు ఇంకో పన్నెండున్నర. వెరసి, యాభై రెండున్నర చదరపు అడుగులు.